పెన్నులో పారాణి

ఒక్క పెళ్లిలో రెండు వందల మంది చుట్టాలకు పేర్లు లేకుండా చేసిన ఘనత నాది. తుఫాన్లు చూసిన ఊరు మా బరంపురం. గాలికి రేకులు ఎగిరిపోవడం చూశాం, కొబ్బరిచెట్లు కూలిపోవడం చూశాం. పేర్లు ఎగిరిపోవడం మాత్రం నా చేతి మీదుగానే జరిగింది. ఆ వైభవం చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వేయండి. మొదటి వరసలో నేనే కూర్చుని నవ్వుతాను.

నా చదువు అయిదో తరగతి, అదీ ఒడియా బడిలో. తెలుగు అక్షరాలు మా అమ్మ చేటలో బియ్యప్పిండి పరిచి వేలితో దిద్దించింది. అందుకే నా అక్షరాలు ఈనాటికీ గారెల్లా ఉంటాయి, గుండ్రంగా, మధ్యలో చిల్లుతో సహా. చదువు లేకపోయినా రాత పిచ్చి మాత్రం ఉంది. రోజూ ఏదో ఒకటి రాయందే తోచదు. ఆవకాయ కొలతలు రాస్తాను, ఎవరింట్లో ఎవరు పుట్టారో రాస్తాను, మా అత్తగారు నన్ను ఏమన్నారో, తిరిగి ఏమందామనుకుని ఊరుకున్నానో రాస్తాను. ఈ చివరిదానికే కాగితాలు ఎక్కువ ఖర్చవుతాయి.

కిందటేడు మా అమ్మాయి జ్యోతికి పెళ్లి కుదిరింది. బరంపురం శివార్లలోని హల్దియాపదర్‌లో మా ఇంట్లో అందరికీ సంతోషమే గానీ, ఒక్క ముల్లు మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. ఆ ముల్లు పేరు దండపాణి గారు. మా మామగారికి అన్నగారు, పురుషోత్తంపూర్‌లో ఉంటారు. అంతకు తొమ్మిదేళ్ల ముందు మా ఆడపడుచు పెళ్లికి మా ఆయన హడావుడిలో ఆయనకి పేరు రాయని శుభలేఖ ఇచ్చేశాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాకేనేటి? దారంట పోయీవోడికి ఎవడికైనా ఇయ్యి" అని తిరిగి చేతిలో పెట్టేశారు. ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు.

జ్యోతి చిన్నప్పుడు ఆయన భుజం మీదే పెరిగింది. పెళ్లి కుదిరిన రోజునే తెగేసి చెప్పింది. "పెద్దతాత రాకపోతే నాను పీటల మీద కూకోను. మీ ఇష్టం."

అందుకని ఈసారి ప్రతి శుభలేఖ మీద పేరు ముత్యాల్లా ఉండాలని, ఆ ముత్యాలు నేనే గుచ్చాలని ఇంట్లో తీర్మానం జరిగింది. తీర్మానం చేసింది నేనే, ఒప్పుకున్నది కూడా నేనే. మిగతావాళ్లు భోజనం చేస్తున్నారు.

ముత్యాలు గుచ్చడానికి సూది కావాలి కదా. మర్నాడే పెద్ద బజారులో పెన్నులమ్మే తాత దగ్గరికి వెళ్లాను. పెన్నులు అమ్మడమే కాదు, జబ్బు చేసిన పెన్నులకి వైద్యం కూడా చేస్తాడాయన.

"తాతా, శుభలేఖల మీద పేర్లు రాయాల. మంచి ఇంకు పెన్ను సూపెట్టు."

"పెళ్లివరకేనా? తరవాత కూడా రాస్తావా?"

"రోజూ రాత్తాను."

"అయితే కూకో తల్లీ. రోజూ రాసీవోలకి పెన్నంటే చెప్పుల జత లాంటిది. పక్కింటోలకి సరిపోనాదని నీకు సరిపోదు."

మూడు పెన్నులు తీసి ముందు పెట్టాడు. మొదటిదానికి సన్న పాళీ, రెండోదానికి లావు పాళీ, మూడోది మధ్యరకం. నేను మొదటిది అందుకుని కాగితం మీద సుభద్ర అని నా పేరు రాయబోయాను. తాత చటుక్కున నా చేయి ఆపాడు.

"ఇదే తప్పు అందరూ సేస్తారు. నీ పేరు నీ సేతికి అలవాటు. సీపురుపుల్లతో రాసినా బాగానే వస్తాది. ఎప్పుడూ రాయని మాట రాయి. అప్పుడు బయటపడతాది నిబ్బు గుణం."

ఎప్పుడూ రాయని మాట అంటే ఏం రాయను? మనసులో తొమ్మిదేళ్ల ముల్లు తిరుగుతోంది. దండపాణి గారంటే ముందు గుర్తొచ్చేది ఆయన మీసం. పురుషోత్తంపూర్ సంతలో దాన్ని గుర్తుపెట్టుకుని ఆయన ఇంటికి దారి చెబుతారు. తెల్లగా, గుబురుగా, ఎటు దువ్వితే అటు కాకుండా ఇంకో పక్కకి లేచి ఉంటుంది. చేయి దానంతట అదే రాసేసింది: "పెదమావగారి మీసం అంట్లు తోమే పీచు."

సన్న పాళీ మావగారి దగ్గరే కాగితాన్ని గీరి ఆగిపోయింది. లావు పాళీ సిరా కక్కి నా గారెల చిల్లులన్నీ పూడ్చేసింది, మీసం వరదలో మునిగింది. మధ్యరకం మాత్రం గరిట మీంచి నెయ్యి జారినట్టు జారింది. గుడులూ కొమ్ములూ ఎక్కడా తట్టుకోలేదు. తాత కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"మీసం బాగా దిగినాది. ఇదే తీసుకో."

"తాతా, ఆ కాయితం సింపీ, నీకు పుణ్యం ఉంతది."

ఆయన చింపేశాడు. ఆ కాగితంతోపాటు నా బుద్ధిని కూడా అక్కడే చింపేసి ఉంటే ఎంత బాగుండేది! పెన్నుతోపాటు ఒక సీసా ఇచ్చాడు. "నీలం నలుపు ఇంకు. నీళ్లు పడినా పోదు, ఎండ తగిలినా పోదు. ఇంక దేని జోలికీ ఎల్లకు" అని మరీ మరీ చెప్పాడు. పెద్దల మాట చద్దిమూట అంటారు. నేను ఆ మూట బజారులోనే దించేసి వచ్చాను.

ఇంట్లో అడుగు పెట్టగానే విచారణ మొదలైంది. మా అత్తగారు సీసా పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూశారు.

"ఏటే ఇది?"

"ఇంకు అత్తా. నీలం నలుపు."

"నలుపా! శుభకార్యానికి నల్లటి పేర్లా? పెళ్లికి పిలుత్తున్నావా, పదోరోజుకి పిలుత్తున్నావా?"

మా ఆయన మజ్జిగన్నంలోంచి తల ఎత్తాడు. "ఎర్ర ఇంకు తెత్తాను, ఉండు."

"ఎర్ర ఇంకుతో మీ మాస్టారు నీకు సున్నాలెట్టీవోడు, మరిసిపోనావేట్రా? ఆ రంగు సూత్తే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోద్ది."

"పోనీ ఆకుపచ్చ?"

"అది పెద్ద ఆఫీసర్లు సంతకం ఎట్టీది. మా బావగారు కోర్టు కాయితం అనుకుని ప్లీడరు దగ్గరికి ఎల్లిపోతారు."

జ్యోతి ఫోన్ లోంచి కళ్లు ఎత్తకుండా అంది. "నానమ్మా, వాట్సాపులో పంపేద్దుమా?"

"వాట్సాపుకి పసుపు ఎక్కడ రాత్తావే? పోనుకా?"

రంగులన్నీ అయిపోయాయి. అందరూ గోడల వంక చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే నాకు తెలివి పొంగింది. పాలు పొంగితే పొయ్యి ఆరుతుంది. మా బోటివాళ్లకి తెలివి పొంగితే కొంప ఆరుతుంది.

"అత్తా, పసుపూ సున్నం కలిపితే ఏటవుద్ది?"

"పారాణి."

"పెళ్లికూతురి కాళ్లకి ఎట్టీదే కదా? అంతకంటే శుభం ఇంకేటుంది? ఆ రంగుతోనే పేర్లు రాసేత్తాను."

మా అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. నేను కాపురానికి వచ్చాక ఎన్నడూ వినని మాట అప్పుడు విన్నాను. "సదువు నేకపోయినా బుర్రుంది దీనికి." ఆ ఒక్క మెప్పుతో నా పాదాలు నేల మీద నిలవలేదు. అవి నేల మీద నిలిచి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పసుపు దంచాను. తమలపాకుల్లోకి తెచ్చిన సున్నం కలిపాను. మందారంలా ఎర్రబడింది. పాత పంచె నాలుగు మడతలు వేసి మూడుసార్లు వడగట్టి, మందు చుక్కలు వేసే పిచికారీతో పెన్ను కడుపునిండా పోశాను. పేరుకైనా ఒకసారి పరీక్షించాలి కదా అని ఒక పసుపుపచ్చ శుభలేఖ తిరగేసి వెనక వైపు పెన్ను పెట్టాను. గానుగెద్దు విప్పినా గుండ్రంగానే తిరుగుతుందట. నా చేయి కూడా తనకి తెలిసిన దారే పట్టింది: "పెదమావగారి మీసం అంట్లు తోమే పీచు."

ఎంత ఎరుపు! ఎంత నిగనిగ! మురిసిపోయి, తడి ఆరాలని ఆ కార్డుని ఎండ పడే కిటికీలో పెట్టాను. పెళ్లిపనుల్లో పడి రెండు రోజులు దాని ఊసే మరిచాను. తర్వాత చూస్తే కిటికీలో కార్డు లేదు. గాలికి పోయి ఉంటుందిలే, పీడా పోయింది అనుకున్నాను. ఈ మాట మాత్రం కొంగున ముడేసుకోండి.

అయిదు మధ్యాహ్నాలు కూర్చుని పేర్లు రాశాను. రాసినవాటికి నాలుగు మూలలా పసుపు పూసి ఏ రోజువి ఆ రోజు కవర్లలో పెట్టేయడం, మా ఆయన సైకిలు మీద వెళ్లి పంచేయడం. చేయి బాగా తిరిగాక రాయాలని దండపాణి గారిది ఆఖరున ఉంచాను. బొత్తిలో మిగిలిన చిట్టచివరి కార్డు తీసి, ఊపిరి బిగబట్టి రాశాను: "పూజ్యులైన శ్రీ దండపాణి గారికి." దండకి దండలాంటి సున్న, పాణికి పాణిగ్రహణమంత శ్రద్ధ.

ఆ కార్డు పట్టుకుని మా అత్తగారూ మా ఆయనా పసుపు కుంకుమలతో పురుషోత్తంపూర్ వెళ్లారు. సాయంత్రానికి తిరిగొచ్చారు.

"ఏటన్నారు?" అని ఎదురెళ్లాను.

"గూట్లో ఎట్టు అన్నాడు" అన్నాడు మా ఆయన.

"తెరిసి సూడలేదేటి?"

"లేదు."

"వత్తానన్నారా?"

"మీసం దువ్వుకున్నాడు."

"అంటే?"

"అంటే మీసం దువ్వుకున్నాడు. అంతకంటే నాకేటీ తెలీదు."

మర్నాడు ఉదయం పెన్ను రాయడం మానేసింది. విదిలిస్తే దగ్గింది. గట్టిగా విదిలిస్తే గోడ మీద ఉమ్మింది. తాత దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన మర విప్పి, పాళీ వాసన చూసి, "కొణ హెలా!" అని ఉలిక్కిపడ్డాడు. కంగారు పుడితే ఆయనకి ఒడియా వచ్చేస్తుంది. ఏమైందని అడిగినవాడే వెంటనే తెలుగులోకి దిగాడు.

"పెన్నుకి కిళ్లీ ఎట్టినావేటి తల్లీ?"

నేను ఛాతీ పొంగించుకుని పారాణి సంగతంతా చెప్పాను. మెచ్చుకుంటాడని చూశాను. ఆయన పెన్నుని ఒళ్లో పెట్టుకుని చంటిపిల్లని నిమిరినట్టు నిమిరాడు.

"గడపకి రాసిన పసుపు ఎన్నాళ్లుంతది?"

"ఎండ పడితే రెండ్రోజులు."

"సున్నం సావ సచ్చిపోతే ఆ ఎరుపు ఏటవుద్ది?"

"మళ్లీ పసుపు..." అని ఆగిపోయాను.

"పసుపుపచ్చ కార్డు మీద పసుపు రాత. ఎవులికి కనపడతాది తల్లీ? పెన్నుని నీళ్లలో నానబెట్టి నాను బతికిత్తాను. పేర్లు మాత్రం నా సేతిలో లేవు."

ఆటో ఎక్కి ఇంటికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. మా చెల్లెలి వరస అమ్మాయి.

"అక్కా, కార్డు అందినాది. సానా బాగుంది. ఎవులికిమ్మంతావు?"

"నీకేనే! నీ పేరు రాసినాను కదే!"

"పేరా? మూలలకి పసుపుంది, మజ్జిన బోడిగుండుంది."

పెట్టేసరికి ఇంకో ఫోన్. "వదినా, పేరు రాయలేదంటే ఎవులినైనా తీసుకురమ్మనా? అయితే మా వీధోలందర్నీ తెత్తాను." మూడోవాడు ఇంకా పెద్దమనిషి. "పేరు లేకపోతే మంచిదే, దీన్ని దాసి మా అమ్మాయి పెళ్లికి వాడుకుంతాను" అన్నాడు. పక్కింటావిడ గోడ మీంచే కార్డు ఊపింది. నేను గడప మీదే కూలబడ్డాను. రెండు వందల మంది సంగతి అలా ఉంచండి. గూట్లో ఉన్న ఆ ఒక్క కార్డు గుర్తొచ్చింది. పేరు లేని కార్డు ఇచ్చారని తొమ్మిదేళ్లు మాట్లాడని మనిషికి మళ్లీ పేరు లేని కార్డే ఇచ్చాం!

"ఇప్పుడే ఎల్లి, నీలం నలుపుతో రాసి ఇంకోటి ఇచ్చొత్తాను" అని లేచాను.

మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఇచ్చిన శుభలేఖ ఎనక్కి తీసుకోరాదు. ఒక పెళ్లికి రెండు శుభలేఖలు ఇవ్వరాదు. రెండో పెళ్లికి పిలిసినట్టు అవుద్ది."

"మరేటి సేద్దుం అత్తా?"

"నువ్వేటీ సెయ్యకు. నువ్వు సేసిందే సాలు."

మిగిలినవాళ్లకి ఫోన్ చేసి బతిమాలాం. దండపాణి గారి ఇంట్లో ఫోన్ లేదు. ఉన్నా ఎత్తే మనిషి కాదు. జ్యోతి నన్ను తిట్టినా బాగుండేది. ఊరికే మొహం తిప్పుకునేది.

పెళ్లిరోజు వచ్చింది. పొద్దుటి ముహూర్తం. జ్యోతి కాళ్లకి పారాణి పెడదామని వాళ్ల మేనత్త గిన్నె పట్టుకుని కూర్చుంటే, "ఆగత్తా, ముందు అమ్మ దగ్గర పెన్నుందేమో సూడు" అంది జ్యోతి. అందరూ నవ్వారు. దాని కళ్లు మాత్రం గేటు దగ్గరే ఉన్నాయి. పురోహితుడు పెళ్లికూతుర్ని తీసుకురమ్మని రెండుసార్లు కేకేశాడు. అది కదల్లేదు.

మూడో కేకకి గేటు దగ్గర ఆటో ఆగింది. దండపాణి గారు దిగారు. తలపాగా ఉంది, చేతికర్ర ఉంది. కండువా మాత్రం ముక్కు కిందనుంచి గడ్డం దాకా చుట్టుకుని ఉన్నారు. కోపంతో మొహం కూడా చూపించడం లేదనుకున్నాను. నేరుగా వచ్చి కుర్చీలో కూర్చుని, కిళ్లీల పళ్లెం అందుకుని కండువా తీశారు.

మీసం లేదు.

సన్నాయి వాయించేవాడు కూడా ఒక్క క్షణం ఊపిరి మరిచాడు. పీచు ఉండాల్సిన చోట నున్నగా, లేతగా, పసిపాప బుగ్గలా ఉంది.

"ఓలమ్మో! బావగారూ, మీసం ఏటయిపోనాది?" అన్నారు మా అత్తగారు.

"మీ కోడల్ని అడగండి" అని ఆయన జేబులోంచి శుభలేఖ తీశారు. "మొన్న గూట్లోంచి తీసి సూసినాను. మళ్లీ పేరు నేదు. సింపేద్దుం అనుకున్నాను. కిళ్లీ కట్టుకుంతన్నానేమో, యేలికి సున్నం ఉంది. కార్డుకి తగిలినాది. తగిలిన కాడ 'శ్రీ' అని ఎర్రగా లేసినాది. ఇంకాస్త రాసినాను. దండపాణి గారు దిగినారు. పూజ్యులైన, అట! పుట్టి బుద్దెరిగిన కాణ్నుంచి నన్నెవులూ పూజ్యులు అన్లేదు. సున్నం రాత్తే గానీ నా పేరు నాకే కనపడకండా రాసినాదంటే, ఎంత తెలివి!"

కార్డు చూపించారు. పేరంతా మందారంలా ఎర్రగా మెరుస్తోంది. మా అత్తగారు ఒక అడుగు ముందుకేశారు. "ఆ పారాణి ఇంకు ఆలోసన మా ఇంట్లో అందరం కలిసి సేసిందే, బావగారూ. నానూ ఉన్నాను."

"అలగేటి?" అని ఆయన కార్డు తిరగేశారు. "అయితే ఎనకేపు కూడా సున్నం రాసినాను. ఇంకేదైనా ఉందేమో అని. ఉంది."

నాకు కిటికీ గుర్తొచ్చింది. కళ్లు మూసుకున్నాను. ఆయన సభలో గట్టిగా చదివారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"అదంతా దాని రాతే" అన్నారు మా అత్తగారు వెంటనే, ఆ అడుగు వెనక్కి తీసుకుంటూ. "నాకు సదువు రాదు. కిటికీలో కార్డు ఖాళీగా పడుంటే దండగని బొత్తి అడుగున ఎట్టినాను, అంతే."

నేను ఆయన కాళ్ల మీద పడబోయాను. ఆయన కర్ర అడ్డుపెట్టారు.

"ఆగు కోడలా. అద్దంలో సూసుకున్నాను. నిజవే, పీచే. డెబ్బయ్యేళ్లొచ్చినాయి, ఒక్క బంధువు మొహాన సెప్పలేదు. ముందేపు మరేద, ఎనకేపు నిజం. సుట్టరికం అంటే అదే కదేటి?" అని పగలబడి నవ్వారు.

జ్యోతి లేచి పరుగెత్తుకొచ్చి ఆయన నున్నటి మూతి చూసి, కడుపు పట్టుకుని నవ్వి, ఆయన చేయి పట్టుకునే పీటల దాకా నడిచింది.

కాబట్టి చదువరులారా, నలుగురూ వినేలా, కుడిచేయి చాపి ఒట్టేస్తున్నాను. నేను బతికున్నంతకాలం పసుపు పప్పులోకి, సున్నం కిళ్లీలోకి, సిరా పెన్నులోకి. ఈ మూడింటికీ ఇకమీదట నా చేతుల మీదుగా పెళ్లి జరగదు. కొత్త పాళీ పరీక్షించాల్సి వస్తే, తాత ఏమన్నా సరే, నా పేరు తప్ప ఇంకెవరి ఊసూ రాయను. ఇదంతా ఆ తాత బతికించిన పెన్నుతోనే, ఎండకీ నీళ్లకీ సున్నానికీ చెక్కు చెదరని నీలం నలుపు సిరాతోనే రాశాను. అందుకే పెదమావగారి గురించి ఇంతటితో ఆపేస్తున్నాను. ఆయన మళ్లీ పెంచుతున్నారు. ఈసారి చీపురులా ఉంది.